ముక్క చెయ్యగలిగే పగడం, చెయ్యలేని పగడం: ఒక ఇంటి రీఫ్ ట్యాంకు కేస్ స్టడీ

రీఫ్ ట్యాంకు అంటే ఉప్పునీళ్ళలో పగడాలు, చేపలు పెంచే అక్వేరియం. ఈ ట్యాంకు 120 గ్యాలన్లది, అంటే దాదాపు 450 లీటర్లు. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. కింద క్యాబినెట్లో సంప్ (నీళ్ళు తిరిగే అడుగు తొట్టి), మురికిని నురగగా తీసే ప్రోటీన్ స్కిమ్మర్, పైన రెండు ఎల్‌ఈడీ లైట్లు. డల్లాస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో ఉండే ఒక తెలుగు కుటుంబానిది. ఈ చుట్టుపక్కల ఇళ్ళలో సముద్రపు ట్యాంకులు అమర్చడం, వాటి బాగోగులు చూడటం నా పని. నేను చూసేనాటికే ఆ ట్యాంకు కొన్నేళ్ళుగా నడుస్తోంది. లెదర్ కోరల్, జోవాంథిడ్లు, ఒక మూల హామర్ కోరల్ లాంటి పగడాలు, చేపలు అన్నీ కుదురుగా ఉన్నాయి. ఇంటాయన నన్ను పిలిచింది దాని పైమెట్టు కోసం. అరుదైన గట్టి పగడాలు కావాలన్నాడు. ఫోన్లో దాచుకున్న ఫొటోలు మూడు చూపించాడు.

మొదటిది ఆస్ట్రేలియా నుంచి వచ్చే స్కోలీ. శాస్త్రీయంగా హోమోఫిలియా ఆస్ట్రాలిస్. అరచేతిలో పట్టేంత గుండ్రటి పగడం, ఎరుపు, నారింజ, ఆకుపచ్చ చారలతో వెలిగిపోతుంది. రంగులు బాగా కలిసినదాన్ని అమ్మేవాళ్ళు మాస్టర్ స్కోలీ అంటారు, ధర వందల డాలర్లలో ఉంటుంది. రెండోది అకాంథోఫిలియా. అదీ గుండ్రటిదే, కానీ ఇంకా పెద్దది, కండ పొంగితే భోజనం ప్లేటంత అవుతుంది. మూడోది అక్రోపొరా ఎకినాటా. సన్నటి కొమ్మలతో సీసా కడిగే బ్రష్‌లా పెరుగుతుంది, లేత నీలం రంగు, కొసలు ఊదా. ఊరికే తాకినా విరిగిపోయేంత సున్నితం.

"అన్నా, బడ్జెట్ గురించి ఆలోచించకు. మంచి పీసులు ఎక్కడ దొరుకుతాయో చెప్పు చాలు" అన్నాడు.

ఎక్కడ దొరుకుతాయి అన్న ప్రశ్నని నేను ఎప్పుడూ చివరికి పెడతాను. ముందు అడగాల్సింది వేరే ఉంది. ఈ పగడాన్ని ముక్క చెయ్యొచ్చా?

గట్టి పగడాల్లో చాలావాటిలో వందల పాలిప్‌లు, అంటే ఒక్కో నోరున్న చిన్న ప్రాణులు, ఒకే సున్నపు గూటిని పంచుకుంటూ బతుకుతాయి. అక్రోపొరా అలాంటిది. ఒక కొమ్మ విరిచి ప్లగ్ అనే చిన్న దిమ్మ మీద అంటిస్తే అది మరో పగడం అవుతుంది. హాబీలో దీన్నే ఫ్రాగ్ అంటాం. ఒకసారి సముద్రం నుంచి వచ్చిన కొమ్మ ఇళ్ళలోని ట్యాంకుల్లో చేతులు మారుతూ ఏళ్ళ తరబడి బతుకుతుంది, మళ్ళీ సముద్రంలో చెయ్యి పెట్టే అవసరం ఉండదు. స్కోలీ, అకాంథోఫిలియా అలా కావు. పగడం మొత్తం ఒకే పాలిప్, ఒకే నోరు. రంపంతో కోస్తే కొన్నిసార్లు బతుకుతుంది, చాలాసార్లు చస్తుంది. పెరగడం కూడా చాలా నెమ్మది. అందుకే షాపులో కనిపించే ప్రతి స్కోలీ వెనకా ఒక డైవర్ ఉన్నాడు. నీళ్ళ అడుగున ఉలితో ఒక జీవిని రాతి నుంచి వేరు చేసి పైకి తెచ్చాడు. దాని చోట ఇంకోటి పెరగడానికి చాలా ఏళ్ళు పడుతుంది.

ఇది ఆయనకి చెప్పినప్పుడు నా ఉద్దేశం కొనొద్దని కాదు. ముక్క చెయ్యగలిగే పగడాన్ని ట్యాంకులో పెరిగినదే కొందాం. చెయ్యలేనిదైతే ఒక్కటే కొందాం, కాగితాలు సరిగా ఉంటేనే కొందాం, అదీ ట్యాంకు సిద్ధమయ్యాక. ఆయన ఒప్పుకున్నాడు. ఈ కేసు మొత్తం ఆ ఒప్పందం మీదే నడిచింది.

నీళ్ళు

సాఫ్ట్ కోరల్ (మెత్తటి పగడాలు) ఉన్న ట్యాంకుకీ గట్టి పగడాలున్న ట్యాంకుకీ అసలు తేడా తిండిలో ఉంటుంది. గట్టి పగడం నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేట్ లాక్కుని అరగొనైట్ అనే సున్నపు గూడు కట్టుకుంటుంది. ఎన్ని పగడాలుంటే అంత లాగుతుంది. ఈ ట్యాంకులో మొదట కొలిచినప్పుడు ఆల్కలినిటీ, అంటే నీళ్ళలోని కార్బొనేట్ల లెక్క, రోజుకి 0.3 డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్) కూడా తగ్గడం లేదు. వాళ్ళు పదిహేను రోజులకోసారి నీళ్ళు మార్చి సరిపెట్టేవాళ్ళు. అక్రోపొరా పెరగడం మొదలుపెడితే అది చాలదు. నాకు ఆల్కలినిటీ 8, 8.5 మధ్య కదలకుండా ఉండాలి, కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1300 పైన, ఉప్పదనం వెయ్యికి 35. సంఖ్య కాస్త అటూ ఇటూ అయితే ఏమీ కాదు. రోజుకో రకంగా ఊగితే అక్రోపొరా ఒళ్ళు కొసల నుంచి ఊడిపోతుంది.

అప్పుడే భీమవరం నుంచి ఇంటాయన మామగారు వచ్చి ఉన్నారు. ఆయనకి వనామీ చెరువులున్నాయి. నేను సిరంజిలో నీళ్ళు తీసి టెస్ట్ చేస్తుంటే పక్కన నిలబడి చూశారు.

"ఆల్కలినిటీ ఎంత పెడతావు బాబూ?"

"ఎనిమిదండీ. మీ లెక్కలో దాదాపు నూట నలభై మూడు పీపీఎం."

"మా చెరువుల్లోనూ అంతే, నూట ఇరవైకి తగ్గనివ్వం. తగ్గితే రొయ్య పెంకు గట్టిపడదు. మరి దేంతో పెంచుతావు?"

"సున్నపు తేటతోనండీ."

ఆయన అల్లుడి వైపు తిరిగి, "చూశావా, ఇక్కడా సున్నమేనంట" అన్నారు.

నిజంగా సున్నమే. కాల్షియం హైడ్రాక్సైడ్‌ని ఆర్‌ఓ డీఐ నీళ్ళలో (లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్ళు) కలిపి, అడుగుకి దిగాక పైన తేలిన తేటని రాత్రిపూట బొట్టు బొట్టుగా సంప్‌లోకి వదులుతాం. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సమపాళ్ళలో అందుతాయి. రాత్రి లైట్లు లేనప్పుడు పడిపోయే పీహెచ్‌ని కూడా పట్టి నిలుపుతుంది. ఆ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది కాబట్టి ఒక్కసారిగా పోస్తే ట్యాంకు మొత్తం పోతుంది. రోజూ ఆవిరైపోయే నీళ్ళకి బదులు మాత్రమే పడేలా డోసింగ్ పంప్ పెట్టాను. దానికో హద్దు కూడా ఉంది. ఆవిరయ్యేదానికంటే ఎక్కువ పొయ్యలేం. పగడాలు పెరిగి రోజుకి ఒక డీకేహెచ్ పైన లాగడం మొదలుపెట్టాక వేరుగా రెండు సీసాల డోసింగ్ (ఒకటి కాల్షియంకి, ఒకటి ఆల్కలినిటీకి) జత చెయ్యాల్సి వచ్చింది.

నైట్రేట్, ఫాస్ఫేట్ విషయంలో ఇంటాయనది పాత పద్ధతి, రెండూ సున్నా ఉండాలనేవాడు. మరీ సున్నా అయితే పగడాల ఒంట్లో ఉండే ఆల్గేకి (నాచులాంటి సూక్ష్మజీవులకి) తిండి దొరకదు, పగడం పాలిపోతుంది. పైగా ఇసుక మీద డైనోఫ్లాజెలేట్లు అనే ఏకకణ జీవుల గోధుమ రంగు జిగురు పేరుకుంటుంది. అవి వస్తే వదిలించడానికి నెలలు పడుతుంది. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.05 దగ్గర నిలబెట్టాం.

ఇక చేపలు. ట్యాంకులో ఫ్లేమ్ ఏంజెల్ ఉంది. ఎర్రగా నిప్పులాంటి చేప, ఇంట్లో పెద్దబ్బాయికి ప్రాణం. ఈ జాతి చేపలు కొన్ని పగడాల జోలికి పోవు, కొన్ని కండ ఉన్న పగడాలని రోజంతా కొరుకుతూనే ఉంటాయి. ఈ చేప హామర్ కోరల్ దగ్గర ఆగి కొరకడం నేనే చూశాను. స్కోలీ లాంటి పగడాన్ని కొరికితే అది కండ ముడుచుకుని ఉండిపోతుంది, తిండి పట్టుకోలేదు, కొన్ని వారాల్లో చస్తుంది. చేపా, పగడమా అన్నది ఇంట్లోవాళ్ళే తేల్చుకోవాలి. అబ్బాయితో మాట్లాడమన్నాను. చేపలు మాత్రమే ఉండే ఇంకో ఇంటి ట్యాంకుకి దాన్ని పంపడానికి, వాడు చూడాలనుకున్నప్పుడు తీసుకెళ్ళడానికి ఒప్పందం కుదిరాకే స్కోలీ మాట ఎత్తాం.

స్కోలీ

ఆస్ట్రేలియాలో ఈ పగడాన్ని క్వీన్స్‌లాండ్, పశ్చిమ ఆస్ట్రేలియా తీరాల్లో తీస్తారు. క్వీన్స్‌లాండ్ పగడాల ఫిషరీలో లైసెన్సులు పరిమితం, చేత్తోనో చేతి పనిముట్లతోనో తప్ప తియ్యకూడదు, ఎంత తియ్యొచ్చో కోటా ఉంది. స్కోలీ లాంటి గిరాకీ ఉన్న జాతులకి 2021 నుంచి విడివిడిగా పరిమితులు పెట్టారు. గట్టి పగడాలన్నీ సైటీస్ అనే, ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. ఏ దేశం దాటించాలన్నా ఆ దేశం ఎగుమతి పర్మిట్ ఇవ్వాలి, తీసినందువల్ల ఆ జాతికి ముప్పు లేదని ముందుగా తేల్చాలి. అమెరికాలో దిగేటప్పుడు దిగుమతిదారు ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్‌కి ఫారం 3-177 అనే దిగుమతి ప్రకటన ఇస్తాడు.

ఈ కాగితాలు మన చేతికి రావు. మనం కొనేది దిగుమతి అయ్యాక దేశం లోపల. కానీ అడగడానికి అడ్డేమీ లేదు. నేను అమ్మేవాడిని మూడు విషయాలు అడుగుతాను. ఏ దేశం నుంచి వచ్చింది, ఏ నెలలో దిగింది, పర్మిట్ మీద సోర్స్ కోడ్ (జీవి ఎలా వచ్చిందో చెప్పే అక్షరం) ఏమిటి? సముద్రం నుంచి తీసినదానికి డబ్ల్యూ అని ఉంటుంది. స్కోలీని ట్యాంకులో పెంచాం, ఇది సి కోడ్ అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోతాను. ఆ పగడం సంగతి తెలిసినవాళ్ళు ఆ మాట అనరు. ఇది పట్టింపుతో చేసే పని కాదు. విదేశీ చట్టాన్ని మీరి తీసిన జీవిని కొనడం, అమ్మడం అమెరికాలో లేసీ చట్టం కింద నేరం, ఆ చట్టం 1900 నుంచి ఉంది. పగడం ఎక్కడిదో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొంటే ఆ బరువు మన నెత్తిన కూడా పడుతుంది.

ఒక దిగుమతిదారు వెంటనే అన్నీ చెప్పాడు. పశ్చిమ ఆస్ట్రేలియా, ఆగస్టు షిప్‌మెంట్, డబ్ల్యూ. పంపిన ఫొటోలు మాత్రం నీలి లైటు కింద, కెమెరాకి నారింజ ఫిల్టర్ పెట్టి తీసినవి. నీలి వెలుగులో ఏ పగడమైనా నిప్పుకణికలా కనిపిస్తుంది. తెల్లటి లైటులో తీసిన ఫొటో, పక్క నుంచి ఒకటి, అడుగున ఒకటి అడిగాను. ఫొటోలో రంగు నాకు ఆఖరి విషయం. నేను చూసేవి ఇవి. కండ అంచు గూటిని పూర్తిగా కప్పి ఉందా, ఎక్కడైనా తెల్లటి సున్నపు పళ్ళు బయటపడ్డాయా? నోరు మూసుకుని ఉందా, తెరుచుకుని లోపలి తెల్లటి దారాలు కనిపిస్తున్నాయా? మరీ లేత పాస్టెల్ రంగులో ఉందా? అలా ఉంటే ఒంట్లో ఆల్గే పోయి బ్లీచ్ అయినట్టే, అందమని ఎక్కువ ధరకి అమ్ముతారు. అడుగున ఉలితో కోసిన చోట స్పాంజి అంటుకుని ఉందా? ఆ స్పాంజి గాలి తగిలి చచ్చి ఉంటే ప్యాకెట్‌లోనూ క్వారంటైన్‌లోనూ నీళ్ళు పాడుచేస్తుంది.

ఈ పీసులో అన్నీ సరిగా ఉన్నాయి. తెల్ల లైటులో దాని రంగు ఇటుక ఎరుపు మీద ఆకుపచ్చ గీతలు, మాస్టర్ అని పిలిచేంత లేదు. అందుకే ధర కూడా సగం. ఇంటాయన ఒక్క క్షణం తటపటాయించాడు, ఆయన భార్య మాత్రం "అన్నయ్యా, నాకు ఇదే నచ్చింది, తీసుకోండి" అంది.

టెక్సాస్ జులై, ఆగస్టుల్లో పెట్టె ట్రక్కులో ఒక పూట ఉంటే లోపల నీళ్ళు 35 డిగ్రీలు దాటుతాయి. కాబట్టి అక్టోబర్ చివరిదాకా ఆగి, రాత్రికి రాత్రి వచ్చే షిప్పింగ్‌లో తెప్పించి, కొరియర్ వాళ్ళ సెంటర్‌కి వెళ్ళి నేనే తెచ్చాను. ప్యాకెట్‌ని ఇరవై నిమిషాలు నీళ్ళ మీద తేలనిచ్చి, వేడి కుదిరాక పగడాన్ని నీళ్ళలోనే కప్పులోకి మార్చాను. పొంగి ఉన్న కండని నీళ్ళ బయటికి ఎత్తితే దాని బరువుకే గూటి పళ్ళ మీద చీలుతుంది. గంటల తరబడి బొట్టు బొట్టుగా నీళ్ళు కలిపే పద్ధతి నేను దూరం నుంచి వచ్చిన పగడాలకి వాడను. ప్యాకెట్‌లో పేరుకున్న అమ్మోనియా, పీహెచ్ పెరిగే కొద్దీ విషమవుతుంది. అయొడీన్ కలిపిన నీళ్ళలో, అంటే డిప్‌లో, కొద్ది నిమిషాలు ఉంచి క్వారంటైన్‌లో పెట్టాను.

క్వారంటైన్ ట్యాంకు 20 గ్యాలన్లది, మా ఇంట్లోనే. మామగారికి ఇది చూపించాల్సి వచ్చింది, చూపించనిదే ఊరుకోలేదు. వనామీ తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి తెచ్చినప్పుడు చెన్నైలో నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో పెట్టి పరీక్షించాకే హేచరీలకి ఇస్తారని ఆయనకి తెలుసు. పీసీఆర్ (రోగకారకాల్ని పట్టే ల్యాబ్ పరీక్ష) చెయ్యని సీడ్ చెరువులో వేసి తెల్లమచ్చ తెగులుతో పంట పోగొట్టుకున్నవాళ్ళని చూసినవాడు. "మీ పగడాలకి పీసీఆర్ లేదా?" అని అడిగారు. ఇళ్ళకి లేదండీ, భూతద్దం, ఓపికే ఉన్నాయని చెప్పాను.

ఓపిక ఎందుకంటే డిప్‌తో పురుగులు చస్తాయి కానీ గుడ్లు చావవు. పగడాన్ని తిన్నగా ట్యాంకులో పెడితే గుడ్లు అక్కడే పొదుగుతాయి. పైగా చేపలకి వచ్చే తెల్లమచ్చల పరాన్నజీవి ప్లగ్‌కో గూటి అడుగుకో అంటుకుని వస్తుంది. చేపల్లేని ట్యాంకులో అది ఆహారం దొరక్క పోవాలంటే రెండున్నర నెలలు ఆగడం హాబీలో పాత లెక్క, నేను దాన్నే పాటిస్తాను. స్కోలీ మొదటి వారం కండ ముడుచుకుని ఉండి, తర్వాత పొంగడం మొదలుపెట్టింది. రాత్రి లైట్లు ఆరాక నోటి చుట్టూ పొట్టి టెంటకిల్స్ బయటపెట్టినప్పుడు, అది తినడానికి సిద్ధమని తెలుస్తుంది. మైసిస్ రొయ్య ముక్కలు చిన్నవి రెండు మూడు, వారానికి రెండుసార్లు. పెద్ద ముక్క పెడితే అరగక రెండో రోజు బయటికి కక్కేస్తుంది.

అకాంథోఫిలియా

దీనికి నేను ఒప్పుకోలేదు. కారణం ఆ పగడం తప్పు కాదు.

ఈ పగడాలు ఎక్కువగా ఇండొనేషియా నుంచి వచ్చేవి. ఆ దేశం 2018లో పగడాల ఎగుమతి ఆపేసి, 2020 మొదట్లో పెంచిన పగడాలతో మళ్ళీ తెరిచింది. ఫిజీ కూడా 2017 చివర్లో ఎగుమతి ఆపింది. ఇలా ఒక్కో తలుపు మూసుకున్నప్పుడల్లా సరుకు తగ్గుతుంది, ధర పెరుగుతుంది, మధ్యలో చేతులు మారే అంచెలు పెరుగుతాయి. నాకు చూపించిన మొదటి పీసు ఫొటోల్లో అద్భుతంగా ఉంది. పక్క నుంచి తీసిన ఫొటో అడిగితే గూటి అంచు మీద ఒకవైపు కండ వెనక్కి పోయి తెల్లటి గూడు కనిపించింది. రవాణాలో ప్యాకెట్ గోడకి ఒత్తుకుని కోసుకుపోయిన గాయం అది, నయమవ్వచ్చు, అక్కడే కుళ్ళొచ్చు కూడా. అది ఆరోగ్యం సంగతి. ఏ దేశందని అడిగితే అమ్మేవాడు మొదట ఒక దేశం పేరు, మర్నాడు ఇంకో దేశం పేరు చెప్పాడు. అక్కడితో ఆ మాట ముగిసింది.

ఇంకొకరి దగ్గర గాయం లేని పీసు దొరికింది, కాగితాల గురించి ఆయన దగ్గరా సమాధానం లేదు. ఇంటాయనకి బాధగా ఉంది, నాకు అర్థమైంది. ఆ పగడం మీద ఆయనకి ఎన్నాళ్ళగానో ఆశ. ఆ కండ, ఆ పొంగు, ఆ రంగుల మెత్తదనం ఆయనకి కావాలి. అవన్నీ ఇచ్చే ఇంకో పగడం ఉంది, అది ముక్క అవుతుంది. బ్లాస్టోముస్సా వెల్సై. గుండ్రటి పెద్ద పాలిప్‌లు, ఒక్కోటీ వేరే కొమ్మ చివర పుడుతుంది, కొమ్మని విడదీస్తే ఏ గాయమూ లేకుండా రెండు పగడాలవుతాయి. నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి మంచి రంగులు దుకాణాల్లో అరుదు. మా ప్రాంతంలో చాలా ఏళ్ళుగా ఒకే ఎర్రటి కాలనీని పెంచుతున్న పెద్దాయన దగ్గర నుంచి మూడు పాలిప్‌ల ముక్క తీసుకున్నాం. అది పొంగినప్పుడు చూసి ఇంటాయన అకాంథోఫిలియా ఊసు కొంతకాలం ఎత్తలేదు. మానేశాడని చెప్పను. కాగితాలున్న పీసు దొరికితే కొందామని మాట ఇచ్చాను, ఆ మాట ఇంకా ఉంది.

అరుదు అన్న మాట గురించి ఇక్కడ ఒకటి చెప్పాలి. షాపులో అరుదైనది సముద్రంలో అరుదు కావాలని లేదు, సముద్రంలో కరువవుతున్నది షాపులో చవగ్గానూ దొరకొచ్చు. స్కోలీ ఆస్ట్రేలియా తీరంలో కొన్నిచోట్ల మామూలుగానే కనిపించే జాతి, మంచి రంగు ఉన్నవే తక్కువ. 2024లో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ వెలువరించిన లెక్కలో వెచ్చటి నీళ్ళలో రీఫ్ కట్టే పగడాల్లో 44 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. అందులో పెద్ద కారణం సముద్రం వేడెక్కడం. ఇళ్ళ ట్యాంకులు ఆ జాబితాలో ఎక్కడో కింద ఉంటాయి. అయినా మన వంతు మన చేతిలో ఉంది కాబట్టి ఈ చాదస్తం.

ఎకినాటా

మూడింట్లో నాకు ఎక్కువ పని పెట్టింది, ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే. సముద్రం నుంచి తాజాగా వచ్చిన కాలనీలు ఈ జాతిలో ఇళ్ళ ట్యాంకుల్లో తొందరగా పోతాయి. లోతుగా, నిలకడగా, తేటగా ఉండే నీళ్ళ నుంచి వస్తాయి. ప్రయాణం దెబ్బ, వెలుతురు మార్పు, నీళ్ళ మార్పు అన్నీ ఒకేసారి పడతాయి. అదే జాతి ఫ్రాగ్, మరో ఇంటి ట్యాంకులో ఏళ్ళుగా పెరిగిన తల్లి నుంచి తీసినది, మన ట్యాంకుని దాదాపు సొంతిల్లులా అనుకుంటుంది. ధర రెండూ కాస్త అటూ ఇటూగా ఉన్నా నేను ఎప్పుడూ రెండోదే తీసుకుంటాను. స్థానిక హాబీ క్లబ్‌లో ఒకాయన దగ్గర అంగుళం ముక్క కుదిరింది. ఆయన ట్యాంకు చూశాను, ఆల్కలినిటీ, లైటు కొలతలు రాసుకున్నాను. వచ్చే పగడం ఏ నీళ్ళకి అలవాటుపడిందో తెలిస్తే సగం పని అయినట్టే.

ప్లగ్ నుంచి ముక్కని విరిచి, పాత ప్లగ్ పారేసి, కొత్త ప్లగ్ మీద జెల్ సూపర్‌గ్లూతో అంటించాను. అక్రోపొరాని తినే ఫ్లాట్‌వార్మ్ గుడ్లు పెట్టేది కండ లేని అడుగుభాగంలోనే కాబట్టి ఆ భాగం ట్యాంకులోకి రాకూడదు. ఫ్లాట్‌వార్మ్ ఏమీ లేదు. రెండో వారం భూతద్దంలో చూస్తే పాలిప్‌ల మధ్య పసుపు చుక్కలు కదులుతున్నాయి, ఒక్కోదాని మీద ఎర్రటి చుక్క. రెడ్ బగ్స్. అర మిల్లీమీటరు ఉండే క్రస్టేషియన్లు, నున్నటి ఒళ్ళున్న అక్రోపొరా అంటే వీటికి మరీ ఇష్టం. పగడాన్ని వెంటనే చంపవు, పాలిప్‌లు బయటికి రావు, రంగు దిగిపోతుంది, పెరుగుదల ఆగుతుంది.

వీటికి మందు ఉంది. కుక్కలకి హార్ట్‌వార్మ్ రాకుండా ఇచ్చే మిల్బెమైసిన్ ఆక్సీమ్. అమెరికాలో పశువైద్యుడి చీటీ లేనిదే రాదు. పెద్ద ట్యాంకులో వాడితే రొయ్యలు, పీతలు, చిన్న చిన్న కోపిపాడ్లు అన్నీ పోతాయి. క్వారంటైన్‌లో ఆ బాధ లేదు. వైద్యుడితో మాట్లాడి, వారానికోసారి చొప్పున మూడు విడతలు, ప్రతిసారీ ఆరు గంటలయ్యాక నీళ్ళు మార్చి కార్బన్ పెట్టి చేశాను. రెండో విడత తర్వాతే పాలిప్‌లు మళ్ళీ బొచ్చులా బయటికి వచ్చాయి. అంత చిన్న ముక్క ప్రధాన ట్యాంకులోకి తిన్నగా వెళ్ళి ఉంటే తర్వాత కొనే ప్రతి అక్రోపొరాకీ ఆ పురుగు పట్టేది. ముక్క ఇచ్చిన ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కూడా తన ట్యాంకు చూసుకుని వైద్యం మొదలుపెట్టాడు.

ట్యాంకులో చోటు

క్వారంటైన్ ముగిసే ముందు పార్ మీటరుతో, అంటే పగడాలకి పనికొచ్చే వెలుతురు కొలిచే సాధనంతో, ఇంట్లోని ట్యాంకు అంతా కొలిచాను. ఇసుక మీద ముందు మూల 60 నుంచి 80, మధ్యలో 150, రాళ్ళ పైన 280 దాకా ఉంది. కంటికి అంతా ఒకలాగే కనిపిస్తుంది, మీటరు లేకుండా గట్టి పగడాలకి చోటు చూపించడం నాకు నమ్మకం కాదు. స్కోలీని ముందు మూల ఇసుక మీద, రాతికి దూరంగా పెట్టాం. రాతికి తగిలితే పొంగినప్పుడు కండ ఒరుసుకుపోతుంది. అది చల్లటి దక్షిణ ఆస్ట్రేలియా నీళ్ళలో కూడా బతికే జాతి కాబట్టి ట్యాంకు 25 డిగ్రీల దగ్గరే ఉంచాం, వేసవిలో చిల్లర్ పెట్టుకోక తప్పలేదు. బ్లాస్టోముస్సా దాని వెనక, నీడ ఉన్న అంచు మీద. ఎకినాటా మధ్య ఎత్తులో 150 దగ్గర మొదలై, నెలకి కొంచెం చొప్పున 200 దాకా వెళ్ళింది. ప్రవాహం దాని మీద తిన్నగా కొట్టకుండా ఎదురు గాజుకి తగిలి మళ్ళి వచ్చేలా వేవ్‌మేకర్ (నీళ్ళు కదిలించే పంపు) తిప్పాం.

స్కోలీకి తిండి పెట్టడం ఆ ఇంట్లో పెద్దబ్బాయి పని అయింది. క్లీనర్ రొయ్య ఒకటి పగడం నోట్లోంచి ముక్కలు లాక్కుపోయేది. ప్లాస్టిక్ నీళ్ళ సీసా అడుగు కోసి, తిరగేసి, పగడం మీద బోర్లించి పెట్టమన్నాను. పంపులు ఆపి, ముక్కలు వేసి, అరగంటయ్యాక సీసా తీసెయ్యడం. వాడు వేళ తప్పడు. తన ఏంజెల్‌ని పంపించి తెచ్చుకున్న పగడం అని వాడికి దాని మీద ఒక రకమైన బాధ్యత ఉంది, అది నాకు నచ్చింది.

ఇప్పుడు

స్కోలీ బాగుంది. కండ అంచు గూటి మీద ఇంకాస్త బయటికి దిగింది, రంగు మొదటికంటే ముదిరింది. బ్లాస్టోముస్సా కొత్త తలలు వేసింది. ఎకినాటా పిడికిలంత అయింది, ఇప్పటికే రెండు కొమ్మలు కోసి, ఒకటి ముక్క ఇచ్చిన ఆయనకే తిరిగి ఇచ్చాం. ఏదైనా కారణం చేత ఒక ట్యాంకులో పోయినా ఇంకో ట్యాంకులో ఉంటుంది. ఒంటి పాలిప్ పగడానికి ఆ భరోసా ఎప్పటికీ ఉండదు.

కుటుంబం రాబోయే రోజుల్లో హైదరాబాదు వెళ్ళిపోవాలనుకుంటోంది. పగడాల్ని తీసుకెళ్ళొచ్చా అని అడిగారు. లేదు. గట్టి పగడాలన్నిటినీ భారత ప్రభుత్వం 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. 2022 సవరణ తర్వాత కూడా ఆ రక్షణ అలాగే ఉంది. మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో ఉన్న రీఫులకి రక్షణ ఇచ్చే చట్టం అది. చచ్చిన పగడం ముక్కని అలమరాలో పెట్టుకున్నా వర్తిస్తుంది, శిక్ష మూడు నుంచి ఏడేళ్ళ దాకా ఉంది. హైదరాబాదులో ఎవరైనా ఇంటికి రీఫ్ ట్యాంకు కావాలని అడిగితే నేను గట్టి పగడాలు లేని ట్యాంకు గురించే మాట్లాడతాను.

ఎవరికి ఏది వెళ్ళాలో ఒక కాగితం మీద రాసుకున్నాం. ఎకినాటా మూడు ముక్కలై క్లబ్‌లో ముగ్గురికి. బ్లాస్టోముస్సా దాన్ని పెంచిన పెద్దాయనకి, అవసరమైతే ఇంకొకరికి. స్కోలీ ఒక్కటే కాబట్టి ఒక్కరికే, పార్ మీటరు ఉండి, కండ కొరికే చేప లేని ట్యాంకు ఉన్నవాళ్ళకి. దాంతోపాటు దిగుమతిదారు ఇచ్చిన రసీదు నకలు, ఏ తీరం నుంచి ఏ నెలలో వచ్చిందో, ఏం తింటుందో, ఎంత వెలుతురులో ఉందో రాసిన ఒక పేజీ కూడా వెళుతుంది. ఆ పేజీ పెద్దబ్బాయి రాస్తున్నాడు.